20వ తారీకు దాటాకే ఇంకు

లెక్కలు రాసిందీ నేనే, ఆడిట్ చేస్తున్నదీ నేనే. మా వృత్తిలో ఒప్పుకోని పద్ధతి ఇది. కానీ ఈ కేసులో వేరే మనిషి లేరు కాబట్టి తప్పలేదు. ఉద్యోగం చేస్తూ, పరీక్షలు రాస్తూ కామిక్ ఎలా వేస్తున్నావని అడిగే జూనియర్లకు ప్రతిసారీ సగం సగం చెప్పి వదిలేస్తున్నాను. ఈసారి 2024 జనవరి నుంచి 2025 సెప్టెంబరు దాకా జరిగింది మొత్తం పెడుతున్నాను, తప్పులతో సహా.

ముందు పరిస్థితి. ఊరు విశాఖపట్నం, ఇల్లు గాజువాక. ఉద్యోగం డాబాగార్డెన్స్‌లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర, పొద్దున్న 9.30 నుంచి రాత్రి 7 దాకా. జీతం 18,000. చదువు సీఎంఏ ఇంటర్మీడియట్, అంటే కాస్ట్ అకౌంటెంట్ కోర్సులో మధ్య మెట్టు. పరీక్షలు జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. ఇక కామిక్. గాజువాక నుంచి ఎన్ఏడీ కూడలి దాకా షేర్ ఆటో నడిపే పైడమ్మ అనే ఆవిడ, ఆవిడ ఆటో ఎక్కే మనుషులు. ఒక ఎపిసోడ్‌కి ఒక ట్రిప్పు. ఇన్‌స్టాగ్రామ్‌లో పది స్లైడ్లు, ఒక్కోటి 1080 బై 1350 పిక్సెళ్లు, ప్రతి శనివారం. 2024 ఆగస్టులో ఇన్‌స్టా ఆ పదిని ఇరవై చేసినప్పుడు అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం ప్రాణం మీదకొచ్చింది. పదితో ఆపడానికి అప్పటిదాకా ఒక సాకు ఉండేది.

ఆర్నెల్లు బండి నడిచింది. ఎలా నడిచిందని అడిగితే, నిద్ర తగ్గించుకుని. అది పద్ధతి కాదు, అప్పు. వడ్డీతో సహా కట్టాల్సిన రోజు 2024 జూలై 20.

ఆ శనివారం మూడు పడ్డాయి. జూన్ నెల జీఎస్‌టీఆర్-3బీకి, అంటే నెలవారీ జీఎస్‌టీ కట్టే రిటర్నుకి, ఆఖరి తేదీ. శనివారం కాబట్టి ఎపిసోడ్. పైగా మర్నాడు గురుపౌర్ణమి కాబట్టి సింహాచలం గిరి ప్రదక్షిణ ఆ రోజే. ఇంట్లో అందరూ మధ్యాహ్నమే తొలి పావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి బయల్దేరిపోయారు. నేను ఆఫీసులో ఒక క్లయింట్ పంపని కొనుగోలు బిల్లుల కోసం ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. ఎపిసోడ్ కూడా ప్రదక్షిణ మీదే, పైడమ్మ ఆటో పక్కన పెట్టి జనానికి మజ్జిగ పోస్తుంది. రంగులు సగం వేసి, మాటలు టైప్ చేసి, ఒంటిగంటా నలభైకి పెట్టేసి పడుకున్నాను.

పొద్దున్న లేచి చూస్తే మొదటి స్లైడు మీద పెద్ద అక్షరాల్లో 'సింహాద్రి అప్‌పన్‌న' అని ఉంది. వత్తులన్నీ విడిపోయాయి. 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అయింది. నేను వాడే బొమ్మల సాఫ్ట్‌వేర్‌కి తెలుగు అక్షరాలు కలపడం రాదు. ప్రతివారం ఆ మాటలు ఫోన్‌లో వేరే చోట టైప్ చేసి, బొమ్మగా తెచ్చి అతికించేదాన్ని. ఆ రాత్రి ఓపిక లేక నేరుగా కొట్టేశాను. దేవుడి పేరే విరగ్గొట్టానని మా వీధి కుర్రాళ్లు నెల్రోజులు ఏడిపించారు. ప్రదక్షిణా పోయింది, ఎపిసోడూ పోయింది. 3బీ మాత్రం టైముకి వెళ్లింది. నెలాఖరున జీతం ఇచ్చేది అదే కాబట్టి ఆ వరస సహజమే. కాకపోతే ఆ వరస నేను ఎంచుకున్నది కాదు.

తర్వాత రెండు నెలలు చేసినవన్నీ తప్పుడు మందులే. పొద్దున్నే ఐదింటికి లేచి బొమ్మలు, రాత్రి చదువు అన్నాను. రాత్రి తొమ్మిదికి ప్రాసెస్ కాస్టింగ్ (వ్యయ లెక్కల) పుస్తకం తెరిస్తే పదింటికి అదే పేజీ మీద నిద్రపోయేదాన్ని. ఆదివారం మొత్తం కామిక్‌కే అన్నాను. ఆదివారం ఎవరో ఒకరు వస్తారు, లేకపోతే మనల్ని రమ్మంటారు. చివరికి పలకని వెంట మోసుకెళ్లడం మొదలుపెట్టాను. పలక అంటే డ్రాయింగ్ ట్యాబ్లెట్, మా ఇంట్లో దాని పేరు అదే.

శ్రావణంలో అనకాపల్లిలో మా పెదనాన్న కూతురి పెళ్లి. పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్న గదిలో, మూలన పరుపు మీద, ల్యాప్‌టాప్‌కి పలక తగిలించి ఇంకింగ్, అంటే పెన్సిల్ గీతల మీద తుది గీత, చేస్తున్నాను. మా పిన్ని తలుపు దగ్గర నిలబడి, 'ఏటే బాబూ, పెళ్లికొచ్చీసి ఆ పలక పట్టుకుని కూకున్నావు? ఆ బొమ్మకేమైనా మూర్తం దాటిపోతందా?' అంది. గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు గీసిన రెండు ఫ్రేములూ తర్వాత మళ్లీ గీయాల్సొచ్చింది. పెళ్లి ఫొటోల్లో నేను ఒక్కదాంట్లో ఉన్నాను, అదీ వీపు.

సెప్టెంబరులో బొటనవేలి మొదట్లో నొప్పి. టీ గ్లాసు ఎత్తితే మణికట్టు పక్కన సూది గుచ్చినట్టు ఉండేది. ఎముకల డాక్టరు బొటనవేలిని పిడికిలిలో పెట్టి మూయమన్నాడు. తర్వాత ఆ పిడికిలిని చిటికెనవేలి వైపు వంచాడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. 'డి క్వెర్‌వెయిన్ అంటారు, బొటనవేలి నరాల తొడుగు వాచింది' అన్నాడు. వాడుకలో నరాలంటాం గానీ నిజానికి అవి స్నాయువులు. బొటనవేలితో సహా కదలకుండా పట్టీ, మూడు వారాలు గీత బంద్. పలక చిన్నది కావడంతో ప్రతి గీతా మణికట్టుతోనే లాగుతున్నానని తర్వాత గమనించాను. ఇప్పుడు పెన్నుకి గుడ్డ చుట్టి లావు చేశాను, పెద్ద గీతలు మోచేతి నుంచి లాగుతున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు. వానాకాలంలో గుర్తుచేస్తుంది.

ఆ మూడు వారాల్లో చేతికి పని లేదు కాబట్టి లెక్క వేశాను. ఆఫీసులో ఎవరెవరి దుకాణాలకో ఖర్చుల పట్టీ వేసేదాన్ని నా దుకాణానికి ఎప్పుడూ వేసుకోలేదు. ఫైళ్ల సేవ్ టైములు, ఫోన్‌లో రాసుకున్న గుర్తులు చూసి, ఆఖరి ఆరు ఎపిసోడ్ల సగటు తీశాను. కథ గంటన్నర. బుల్లి స్కెచ్‌లు గంటన్నర. పెన్సిల్ 4 గంటలు. ఇంకు 5. రంగులు 6. మాటలు, బెలూన్లు మూడున్నర. ఎగుమతి, పెట్టడం అరగంట. వచ్చిన కామెంట్లకు జవాబులు గంటన్నర. మొత్తం 23.5 గంటలు. జీతాన్ని గంటల్లోకి మారిస్తే గంటకు 77 రూపాయలు పడుతుంది. ఆ లెక్కన ఎపిసోడ్ ఖరీదు సుమారు 1,800. రాబడి సున్నా. డబ్బు కోసం వేయడం లేదు కాబట్టి సున్నాతో పేచీ లేదు. కానీ వారానికి 23.5 గంటలంటే ఇంకో సగం ఉద్యోగం. ఇంత పెడుతున్నానని నాకే తెలియదు. అడిగితే 'ఓ పది గంటలు' అనేదాన్ని.

కాస్టింగ్‌లో సాధారణ నష్టం, అసాధారణ నష్టం అని రెండుంటాయి. బెల్లం వండితే కొంత ఆవిరైపోవడం సాధారణం, దాన్ని మంచి సరుకు ధరలోనే కలిపేస్తాం. కుండ పగిలితే అసాధారణం, అది విడిగా నష్టం ఖాతాకి వెళ్తుంది. నా రంగుల 6 గంటల్లో నాలుగు కుండ పగిలిన గంటలే. పైడమ్మ చీరకు నీడలు, సాయంత్రం ఆకాశానికి రంగు మార్పులు, వేసి చెరిపి మళ్లీ వేసి. ఫోన్‌లో మూడు సెకన్లు చూసి తోసేసే స్లైడు అది.

అందుకని రంగులు మూడుకి దించాను. ఆటో పసుపు, సముద్రం నీలం, నలుపు. 6 గంటలు గంటన్నర అయింది. ఆటో లోపలి భాగం, ఎన్ఏడీ ఫ్లైఓవర్, గాజువాక జంక్షన్ మూడు కోణాల్లో ఒకసారి శ్రద్ధగా గీసి పెట్టుకున్నాను. ప్రతిసారీ మొదట్నించి గీయడం లేదు. పెన్సిల్ మూడుకి, ఇంకు మూడుకి దిగాయి. నేపథ్యం మళ్లీ మళ్లీ వాడుతున్నావని ఇద్దరు అన్నారు. అవును, వాడుతున్నాను. ఆటో రోజూ అదే రోడ్డు మీద తిరుగుతుంది కదా.

మాటల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో కామిక్ వేసే ప్రతివాళ్లూ ఇక్కడే రక్తం చిందిస్తారు. అక్షరాలు పేర్చడం పూర్తిగా ఇంక్‌స్కేప్‌కి మార్చాను. అది ఉచితం, వత్తులు సరిగ్గా కలుపుతుంది. ఫాంటు మండలి, అరుపులకు రామభద్ర. తెలుగులో వరసకీ వరసకీ మధ్య జాగా ఇంగ్లిష్ కన్నా ఎక్కువ ఉండాలి. 'రాష్ట్రం' కింది వత్తు, దాని కింది వరసలో 'కీ' గుడిదీర్ఘం ఒకదానికొకటి తగిలితే రెండూ చదవలేం. పైగా మన మాటలు పొడవు. 'వెళ్లిపోతున్నాననుకున్నావేమో' ఒక్క మాట, విరిచే చోటు లేదు. ఇంగ్లిష్ కామిక్ చూసి గీసిన గుండ్రటి బెలూన్‌లో అది పట్టదు. అడ్డంగా వెడల్పు బెలూన్లు నాలుగు సైజుల్లో చేసి పెట్టుకున్నాను. ఇంకా ముఖ్యం, మాటలు చివర్లో కాకుండా బుల్లి స్కెచ్ అవగానే పేరుస్తున్నాను. జాగా ముందే తెలుస్తుంది కాబట్టి, బెలూన్ కింద పడి కనబడకుండా పోయే చేతుల్ని అరగంట కూర్చుని గీయడం తప్పింది. మూడున్నర గంటలు గంటన్నరకి వచ్చింది.

కామెంట్లకు జవాబులు గంటకి కుదించాను. కథకూ బుల్లి స్కెచ్‌లకూ చేయి పెట్టలేదు. మొత్తం 13.5. వారానికి ఒకటి కాదు, రెండు వారాలకి ఒకటి. అలా మార్చిన రోజు చాలా భయపడ్డాను. చదివేవాళ్లు కొందరు తగ్గారు, ఉన్నవాళ్లు ఉన్నారు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. 2024 డిసెంబరులో సీఎంఏ గ్రూప్-1, అంటే మొదటి నాలుగు పేపర్లు, రాశాను. ఫలితం: లా 44, ఫైనాన్షియల్ అకౌంటింగ్ 55, ట్యాక్సేషన్ 52, కాస్ట్ అకౌంటింగ్ 42. ప్రతి పేపర్లో 40 దాటాలి, దాటాను. నాలుగూ కలిపి 200 రావాలి. వచ్చింది 193. ఎపిసోడ్‌కి ఖర్చుల పట్టీ వేసి మురిసిపోయిన మనిషికి అన్నిటికన్నా తక్కువ వచ్చింది కాస్టింగ్‌లోనే. నవంబరులో రెండు ఎపిసోడ్లు ఆపకుండా వేశాను, ఆ గంటలు ఎక్కణ్ణించి వచ్చాయో మార్కుల్లో కనబడుతోంది.

ఫలితం రాకముందే మళ్లీ కాస్టింగ్ పేపరు చదువుతుంటే కీ ఫ్యాక్టర్ అధ్యాయం దగ్గర ఆగాను. ఫ్యాక్టరీలో అన్నీ కొరతగా ఉండవు. ఏదో ఒకటి ఉంటుంది, ముడిసరుకో, యంత్రం గంటలో, నేర్పున్న పనివాడో. ఉత్పత్తి మొత్తం ఆ ఒక్కదాని చుట్టూ అల్లుకోవాలి. నా కొరత టైమని అనుకుంటూ వచ్చాను. మళ్లీ ఒక నెల గుర్తులు రాసి చూస్తే టైమ్ కాదు. చెదరని రెండు గంటలు. ఒకే కూర్చోడంలో రెండు గంటలు ఇంకు వేస్తే వచ్చే ఫ్రేములు ఒక లెక్క. అవే రెండు గంటలు నాలుగు అరగంటలుగా వస్తే అందులో సగమే. గీత వేడెక్కడానికే పావుగంట పడుతుంది.

అలాంటి చెదరని ముక్కలు నెలలో ఎన్నున్నాయి? ఇక్కడ నా క్యాలెండర్ వేరు. 7వ తారీకు టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను) కట్టాలి. 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1. 20న 3బీ. ఒకటి నుంచి 20 దాకా నాకు దొరికినవి నాలుగే ముక్కలు, అవీ అలసిపోయిన కళ్లతో. 21 నుంచి నెలాఖరు దాకా తొమ్మిది. అంటే నేను వారాల లెక్కన బతుకుదామని చూస్తున్నాను, నా జీవితమేమో నెల లెక్కన నడుస్తోంది. 'రోజూ కొంచెం గీయండి' అని చెప్పేవాళ్లు జీఎస్‌టీ ఫైల్ చేయరనుకుంటాను.

2025 జనవరి నుంచి పద్ధతి ఇలా మారింది. పెన్సిల్, ఇంకు 20వ తారీకు దాటాకే. ఒక ఎపిసోడ్‌కి మూడు ముక్కలు, రెండింటికి ఆరు. తొమ్మిదిలో మిగిలిన మూడూ ఇంకో ఎపిసోడ్‌కి. అది పెట్టడానికి కాదు, దాచడానికి. కథ, బుల్లి స్కెచ్‌లు, మాటలు, రంగులు అరగంట ముక్కల్లో నెల మొదట్లో. చదువు పొద్దున్న 5 నుంచి 6.45, తారీకుతో సంబంధం లేకుండా. దాని మీద కామిక్ చేయి వేయకూడదు.

బుల్లి స్కెచ్‌లు బస్సులో. గాజువాక నుంచి సింధియా మీదుగా ఊళ్లోకి గంట ప్రయాణం. మల్కాపురం దాకా గీతలన్నీ వణుకుతాయి. కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీలు అడ్డం పడితే బస్సు ఆగిపోతుంది. అందరూ విసుక్కుంటారు, నేను మొహాలు గీస్తాను. నా పాకెట్ పుస్తకంలో ఎక్కడ గీత తిన్నగా ఉందో అక్కడ ట్రాఫిక్ జామ్ అయిందని అర్థం.

స్నేహితుల సంగతి నేను అనుకున్నదానికి తలకిందులుగా తేలింది. కాలేజీ నుంచి నలుగురం. తీరిక ఉన్నప్పుడు కలుద్దామని నెలాఖరు శనివారాలకు వాయిదా వేసేదాన్ని. ఆ రోజులేమో ఇంకు ముక్కలు, మనసంతా అక్కడే ఉండేది, చివరి నిమిషంలో మానేసేదాన్ని. నేను లేకుండానే వాళ్లు ఆర్కే బీచ్‌లో ఫొటో దిగి పంపారు, ఏ మాటా రాయకుండా. ఇప్పుడు పని నెత్తిన ఉన్న రోజుల్లోనే కలుస్తున్నాను. 11కీ 20కీ మధ్య, రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి నేరుగా బీచ్‌కి. ఆ టైములో ఈ బుర్రతో గీత గీయలేను, పుస్తకం చదవలేను. మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని గోడ మీద కూర్చోవడానికి అది చాలు. వాళ్లకు కావాల్సింది కూడా చురుకైన నేను కాదు.

దాచే ఎపిసోడ్లకు మా ఇంట్లో జాడీ అని పేరు పడింది. ఎండాకాలంలో ఆవకాయ పెట్టినట్టు. మే, జూన్ పరీక్ష నెలలకు నాలుగు కావాలి. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి పడ్డాయి. మార్చి ఆర్థిక సంవత్సరాంతం, ఆ నెల రెండే ముక్కలు దొరికాయి. జాడీలో వేయడం మాట అటుంచి, పెట్టాల్సిన రెండింటిలో ఒకటి ఏప్రిల్‌కి జారింది. ఏప్రిల్‌లో ఇంకొకటి దాచాను. మొత్తం మూడు. నాలుగోదాని చోట పైడమ్మ ఆటో అద్దానికి 'పరీక్షలు' అని చీటీ అంటించిన ఒక్క బొమ్మ పెట్టాను. మూడు ఎపిసోడ్ల కన్నా దానికే ఎక్కువమంది నవ్వారు. జాడీకి ఒక లోపం ఉంది, చెప్పాలి. ఫిబ్రవరిలో వేసిన ఎపిసోడ్‌లో కుండపోత వాన. అది బయటికొచ్చింది రోహిణి కార్తెలో. 'మీ వైజాగ్‌లో వానా, మాకూ కాస్త పంపండి' అని తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన. అప్పట్నించి జాడీ ఎపిసోడ్లలో వాతావరణం, పండగ, పరీక్షలు ఏవీ ఉండవు.

జూన్‌లో గ్రూప్-1 పోయింది, అంటే పాసయింది. 221. పద్ధతి వల్లే అని రాయను. అవే పేపర్లు రెండోసారి చదవడం కూడా ఒక పద్ధతే.

అంతా కుదిరిందనుకుంటే గడువులు మారతాయి. మామూలుగా జూలై 31తో అయిపోయే ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్ను) గడువు 2025లో సెప్టెంబరు 15కి జరిగింది. జూలైలో క్లయింట్లు ఎవరూ కదల్లేదు, ఆగస్టు, సెప్టెంబరు మొత్తం కాగితాలే. ఆగస్టులో జాడీ నింపుదామని వేసుకున్న లెక్క నీళ్లపాలు. సెప్టెంబరులో 20 దాటాక కూడా ముక్కలు నాలుగే. డిసెంబరు గ్రూప్-2కి ఈసారి నాలుగు కావాలి, ఇప్పుడు జాడీలో ఒకటే ఉంది. ఇంటర్ చదివే మా తమ్ముడికి ఎపిసోడ్‌కి 150 ఇచ్చి రంగులు నింపమన్నాను. మూడు చేశాడు, యూనిట్ టెస్టులని మానేశాడు. వాడికీ ఇదే సమస్య.

కాకపోతే ఆ ఖాళీ జూలై ఒకటి ఇచ్చింది. 2025లో గిరి ప్రదక్షిణ జూలై 9న పడింది. 11కి ఇవ్వాల్సిన జీఎస్‌టీఆర్-1లు 8వ తారీకు రాత్రికే ముగించి, మర్నాడు సగం పూట, 10న పూర్తిగా సెలవు పెట్టాను. పిన్నితో కలిసి నడిచాను, 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక దాకా కబుర్లు. జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రంలో కాళ్లు పెట్టాక ఇద్దరికీ మాటల్లేవు. పలక తీసుకెళ్లలేదు. పాకెట్ పుస్తకం ఉంది గానీ తెరవలేదు, తెల్లారి గోపాలపట్నం చేరేసరికి నా దృష్టంతా అరికాళ్ల మీదే ఉంది.

ఆ నెల 21 తర్వాత పైడమ్మ ఆటోలో ఒక పిన్ని ఎక్కింది. దారంతా డ్రైవర్‌కి ఆటో ఎలా నడపాలో చెప్తుంది. ఇప్పటిదాకా ఎక్కువమంది చూసిన ఎపిసోడ్ అదే. మా పిన్నికి ఫోన్‌లో చూపించాను. పది స్లైడ్లూ రెండుసార్లు తోసి చూసి, ఫోన్ తిరిగిచ్చేస్తూ, 'అన్నీ బాగున్నాయి గానీ, నాను ఆ రోజు కట్టింది పసుపు చీర కాదే. మెంతాకు రంగు' అంది.

ఆకుపచ్చ నా మూడు రంగుల్లో లేదు. లెక్క వేశాను. నాలుగో రంగు కలిపితే ఎపిసోడ్‌కి నలభై నిమిషాలు పెరుగుతాయి. అవి ఎక్కణ్ణించి తేవాలో తేలలేదు. 20 దాటాక చూస్తానని చెప్పాను.